పల్లి, హళ్ళి, నగర: మా చిన్న ఊరిలో రెండు భాషల బ్రతుకు

ఈసారి గోడపత్రికకు "చిన్న ఊరిలో బ్రతకడం" అనే అంశం ఇచ్చారు. మేడం నన్ను చూసి, "నువ్వు మీ బాగేపల్లి మీద రాయి. కథలాగా వద్దు, పాఠంలాగా రాయి" అన్నారు. అందుకని సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక నోటుపుస్తకం పెట్టుకొని వారం రోజులు గమనించాను. ఎవరు ఎవరితో ఏ భాషలో మాట్లాడుతున్నారో రాసుకున్నాను. దాంట్లోంచి తీసి రాసిందే ఈ వ్యాసం. తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాను.

1. ఊరు ఎక్కడుంది

బాగేపల్లి కర్ణాటకలో చిక్కబళ్ళాపురం జిల్లాలో ఒక తాలూకు కేంద్రం. బెంగుళూరు నుంచి హైదరాబాదుకు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద, బెంగుళూరుకు ఉత్తరాన సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఇంకొంచెం ముందుకు పోతే ఆంధ్ర వచ్చేస్తుంది. మాకు రైలు లేదు, అంతా బస్సులే. ఒకే బస్టాండులో కన్నడ బోర్డు బస్సులు, తెలుగు బోర్డు బస్సులు పక్కపక్కనే నిలుస్తాయి.

చిక్కబళ్ళాపురం జిల్లా 2007లో ఏర్పడింది. అంతకు ముందు చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి అన్నీ కోలారు జిల్లాలోనే ఉండేవి. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడూ, 1956 నవంబరు 1న భాషల ప్రకారం రాష్ట్రాలు మారినప్పుడూ కోలారు జిల్లా మైసూరు రాష్ట్రంలోనే ఉంది. ఆ మైసూరుకే 1973లో కర్ణాటక అని పేరు పెట్టారు. నవంబరు 1 కర్ణాటకలో రాజ్యోత్సవం, అదే రోజు ఆంధ్రప్రదేశ్ అవతరణ దినం కూడా. ఆ రోజు మా ఊళ్ళో బస్టాండు దగ్గర ఎరుపు పసుపు జెండా ఎగరేస్తారు. జెండా కట్టే కుర్రోళ్ళు ఒకరికొకరు "ఇంకొంచెం పైకి లాగరా" అని తెలుగులో అరుచుకుంటారు. ఇది నేను చిన్నప్పటినుంచి చూస్తున్నదే. మా ఊళ్ళో ఎవరికీ వింతగా అనిపించదు.

మా చిత్రావతి నది కూడా అట్లే. నందికొండల వైపు పుట్టి, చిక్కబళ్ళాపురం, బాగేపల్లి తాలూకుల మీదుగా పుట్టపర్తికి పోయి, చివరికి పెన్నలో కలుస్తుంది. ఏటిలో నీళ్ళు కనపడే రోజులు మాత్రం తక్కువ. మా దిక్కు బోర్లు వెయ్యి అడుగులు దాటి పోతాయి.

2. "ఎవురి బిడ్డమ్మా నువ్వు?"

చిన్న ఊరంటే ఏమిటో ఒక్క ముక్కలో చెప్పమంటే నేను ఈ ప్రశ్న చెప్తాను. బెంగుళూరులో కొత్తవాళ్ళు కనపడితే "ఏం చదువుతున్నావు, ఎక్కడ ఉంటావు" అని అడుగుతారు. మా ఊళ్ళో మొదటి ప్రశ్న "ఎవురి బిడ్డమ్మా?" మా నాయన పేరు, లేకపోతే మా అవ్వ పేరు చెప్తే చాలు. ఇల్లు, వీధి, చుట్టాలు, మా తాత ఎప్పుడో ఎవరికో ఇచ్చిన అప్పు, అన్నీ వాళ్ళకు తెలిసిపోతాయి.

దీంట్లో సుఖం ఉంది. మా నాయన బస్టాండు దగ్గర ఎరువుల అంగడిలో లెక్కలు రాస్తాడు. నేను పర్సు మరిచిపోయి బజారుకు పోయినా కూరగాయలు తెచ్చుకోగలను. చీకటి పడ్డాక బస్సు దిగితే ఆటో ఆయన, "రాపా, మీ ఇంటి దావనే పోతా ఉండా" అంటాడు.

కష్టమూ ఉంది. పీయూసీలో ఒకసారి క్లాసు అబ్బాయి నోట్సు అడిగితే బస్టాండులో నిలబడి ఇచ్చాను. రెండు నిమిషాలు కూడా లేదు. నేను ఇల్లు చేరేసరికి అవ్వ గడప మీద కూర్చొని, "ఎవుడే వాడు?" అనింది. నాకంటే ముందు కబురు ఎట్లా చేరిందో ఇప్పటికీ తెలీదు. అందరూ మనల్ని ఎరుగుదురు అంటే అందరూ మనల్ని చూస్తున్నారు అని కూడా. అబ్బాయిలకు ఇది అంత బరువు కాదు, అమ్మాయిలకు బరువే. హాస్టలుకు వచ్చిన మొదటి వారం నన్నెవరూ గుర్తుపట్టని వీధిలో నడిచినప్పుడు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. నెలకల్లా అదే విషయం దిగులైంది.

నా నోటుపుస్తకం వల్ల తెలిసిన సంగతి ఒకటుంది. మా ఊళ్ళో భాష కూడా ఈ ఎరుక మీదే నడుస్తుంది. ఎదుటి మనిషి ఎవరో ముందే తెలుసు కాబట్టి, ఏ భాషలో పలకరించాలో కూడా ముందే తెలుసు. ఎవరూ "నీది ఏ భాష?" అని అడగరు.

3. ఒక ఆదివారం లెక్క

మా ఇంట్లో నలుగురం. అవ్వ, నాయన తెలుగువాళ్ళు. అమ్మది దొడ్డబళ్ళాపురం దగ్గర పల్లె, పుట్టింట్లో కన్నడ. పెళ్ళయి వచ్చాకనే తెలుగు నేర్చుకుంది. ఒక ఆదివారం ఇట్లా గడిచింది:

ఉదయం పాల డైరీ దగ్గర వరుసలో అందరి మాటలూ తెలుగు. పాల లెక్క పుస్తకం కన్నడ.

వంటింట్లో అవ్వ "సంగటి" అంటుంది, అమ్మ "ముద్దె" అంటుంది. గిన్నె ఒకటే. అవ్వకు "పితికిపప్పు", అమ్మకు "హితికిద బేళె". అనపకాయల కాలంలో ఇద్దరూ ఒకే చాప మీద కూర్చొని ఆ గింజలే పితుకుతారు.

అంగడిలో నాయన బస్తాలు తెలుగులో లెక్కపెడతాడు, అంకెలు కన్నడలో రాస్తాడు. పైన బోర్డు కన్నడ. బోర్డులో 60 శాతం కన్నడ ఉండాలని 2024లో చట్టం వచ్చింది. మా వీధిలో చానా అంగళ్ళకు అంతకు ముందునుంచే కన్నడ బోర్డులు ఉన్నాయి.

గాజుల అంగడి ఆమె తన కొడుకుతో ఉర్దూ, మాతో తెలుగు, బెంగుళూరు నుంచి వచ్చిన వాళ్ళతో కన్నడ. ఒక్క బేరంలో మూడూ విన్నాను.

మధ్యాహ్నం పహణి విషయమై నాయన ఒక అర్జీ రాసిపెట్టుకున్నాడు. అది మొత్తం కన్నడ. అర్జీ రాస్తూ కరెంటు పోయిందని తిట్టింది మాత్రం తెలుగు.

సాయంత్రం గుడిలో అర్చన సంస్కృతం, మైకులో ప్రకటన కన్నడ, భజన తెలుగు. అవ్వ పక్కన కూర్చున్నామె చేతిలో భజన పుస్తకం ఉంది. తొంగి చూస్తే పాట తెలుగు, లిపి కన్నడ.

రాత్రి అమ్మ నాతో కన్నడ, అవ్వతో తెలుగు. ఇద్దరం ఒకేసారి ఎదురుగా ఉంటే వాక్యం కన్నడలో మొదలై తెలుగులో ముగుస్తుంది.

ఈ లెక్క చూస్తే ఒకటి తెలుస్తుంది. మా ఊళ్ళో తెలుగు నోటిది, కన్నడ కాగితానిది. మా నాయన జీవితమంతా తెలుగు మాట్లాడాడు కానీ తెలుగు అక్షరం చదవలేడు. అవ్వకు ఏ అక్షరమూ రాదు. మా ఇంట్లో తెలుగు చదవడం వచ్చింది మొదట నాకే. అదీ బడిలో కాదు, బస్టాండులో. "కదిరి", "హిందూపురం" అనే బోర్డులు చూసి, కన్నడ అక్షరాలతో పోల్చుకుంటూ నేర్చుకున్నాను. రెండు లిపులూ ఒకే పాత తెలుగు-కన్నడ లిపినుంచి విడిపోయినవి కాబట్టి అది పెద్ద కష్టం కాలేదు. తలకట్టు తేడా పట్టుకుంటే సగం వచ్చేస్తుంది.

4. "పల్లి" ఎవరిది?

2025 జూలై 2న కర్ణాటక మంత్రివర్గం నందికొండ మీద సమావేశమై, బాగేపల్లి పేరును భాగ్యనగరగా మార్చాలని నిర్ణయం తీసుకుంది. "పల్లి" తెలుగు మాట, కన్నడ నాడులో కన్నడ పేరు ఉండాల అనేది మార్పు కోరినవాళ్ళ వాదన. మా ఇంట్లో కూడా దీని మీద మాటలు నడిచాయి. మన వ్యాకరణం క్లాసులో విన్న విషయం నాకు అప్పుడు పనికొచ్చింది. అది మీకూ చెప్తాను.

కన్నడలో పదో శతాబ్దం నుంచి మాట మొదట్లో ఉండే "ప" మెల్లమెల్లగా "హ" అయింది. తెలుగులో ఆ మార్పు రాలేదు. అందుకని ఇట్లాంటి జంటలు కనపడతాయి:

పాలు – హాలు
పులి – హులి
పువ్వు – హూవు
పండు – హణ్ణు
పేరు – హెసరు
పల్లి – హళ్ళి

వంటింట్లో పితికిపప్పు, హితికిద బేళె కూడా ఈ వరుసలోవే. అవ్వా అమ్మా ఇన్నేళ్ళుగా ఆ చాప మీద కూర్చొని నాకు ధ్వని పరిణామం పాఠం చెప్తున్నారన్నమాట. నాకే తెలీలేదు.

ఇక్కడ ముఖ్యమైన సంగతి చివరి జంట. పాత కన్నడలో "హళ్ళి"ని కూడా "పళ్ళి" అనే అనేవాళ్ళు. అంటే ఈ మాట ఒక్క తెలుగుదే కాదు, కన్నడకూ పుట్టింటి మాటే. తమిళంలో పళ్ళిక్కూడం అంటే బడి. మలయాళంలో పళ్ళి అంటే మసీదు, చర్చి. ఈ నాలుగు ద్రావిడ భాషలూ పంచుకున్న మాట ఇది. "నగర" మాత్రం సంస్కృతం నుంచి రెండు భాషలకూ వచ్చింది. ఇంకో సంగతి, తెలుగువాళ్ళకు భాగ్యనగరం అనగానే గుర్తొచ్చేది హైదరాబాదు! ఇది అవ్వకు చెప్తే చానాసేపు నవ్వింది. "పేరు ఏమన్నా పెట్టుకోనీ, బస్సు మన ఊళ్ళో ఆపితే చాలు" అనింది.

మా తాలూకులోనే దేవరగుడిపల్లి అని ఊరుంది, గడిదం గుడి ఉండేది అక్కడే. "దేవర" అనే రూపం కన్నడ వ్యాకరణం ప్రకారం "దేవుడి" అని. "గుడి" రెండు భాషల్లోనూ ఉంది. "పల్లి" సంగతి ఇప్పుడే చూశాం. ఆ ఒక్క పేరును రెండుగా కోయమంటే కత్తి ఎక్కడ పెట్టాలి?

అయితే మార్పు కోరేవాళ్ళ బాధ కూడా ఊరికే పుట్టింది కాదు. ఒకటో తరగతిలో నా పక్కన కూర్చున్న పిల్లలకు ఇంట్లో కన్నడ లేదు. టీచరమ్మ చెప్పేది అర్థం కాక నెలల తరబడి నోరు తెరవలేదు. నాకు అమ్మ వల్ల కన్నడ వచ్చు కాబట్టి నేను వాళ్ళకు గుసగుసగా తెలుగులో చెప్పేదాన్ని. వాళ్ళలో ఇద్దరు ఎస్సెస్సెల్సీలో కన్నడ తప్పి చదువు మానేశారు. రాష్ట్ర భాష రాకపోతే ఏం పోగొట్టుకుంటామో మా ఊరికి బాగా తెలుసు. దానికి మందు పిల్లలకు కన్నడ బాగా నేర్పడం. ఊరి పేరు మార్చితే ఆ ఇద్దరికీ ఏం ఒరిగేదో నాకు అర్థం కాలేదు.

5. చింతామణి, చిక్కబళ్ళాపురం

మా ఒక్క ఊరే ఇట్లా ఉందనుకోవద్దు. చింతామణి తాలూకులో కైవారం ఉంది. అక్కడి నారేయణ యతీంద్రులను మా దిక్కు అందరూ కైవారం తాతయ్య అంటారు. గాజులు అమ్ముకొని బ్రతికిన ఆయన యోగి అయ్యాడు. తెలుగులోనూ కన్నడలోనూ రాశాడు, కాలజ్ఞానం చెప్పాడు. గాజులు అమ్మేవాళ్ళు ఏ గడప ఎక్కితే ఆ గడప భాష మాట్లాడాల. మా గాజుల అంగడి ఆమెను చూసిన తర్వాత, ఆయన రెండు భాషల్లో రాయడం నాకు సహజంగానే తోచింది.

చిక్కబళ్ళాపురం మా కంటే పెద్దది, బెంగుళూరుకు దగ్గర, అక్కడ కన్నడ ఎక్కువ వినపడుతుంది. దాని పక్కనే ముద్దేనహళ్ళి. విశ్వేశ్వరయ్య గారు పుట్టింది అక్కడే, చిన్నప్పుడు చదివింది చిక్కబళ్ళాపురంలో. ఆయన పూర్వీకులు ప్రకాశం జిల్లా దిక్కున్న మోక్షగుండం నుంచి వచ్చిన తెలుగువాళ్ళు. ఆ ఊరి పేరే ఇంటిపేరై ఆయన పేరుకు ముందు నిలిచింది. కర్ణాటక అంతా ఆయన్ని తమవాడు అంటుంది, ఆంధ్రవాళ్ళూ తమవాడంటారు. అంత పెద్దాయన్ని "మీది ఏ భాష" అని ఎవరూ నిలదీయరు. ఆ ప్రశ్న మా నాయనలాంటి చిన్నవాళ్ళకే ఎదురవుతుంది.

6. ఒక గడి

ఇప్పుడు నా సంగతి. కాలేజీలో చేరేటప్పుడు అర్జీలో "మాతృభాష" అని ఒక గడి ఉంది. నాయన పెన్ను తీసుకొని "కన్నడ" అని రాశాడు. నేను అడ్డం చెప్పలేదు. ఇంటికొచ్చి మాటల్లో అవ్వకు చెప్తే ఆమె చానాసేపు పలకలేదు. తర్వాత, "నేను మాట్లాడేది బాస గాదా?" అనింది. నాయన తల వంచుకొని అన్నం తిన్నాడు.

ఆ రాత్రి నాయన నాకు ఒక సంగతి చెప్పాడు. చిన్నప్పుడు బెంగుళూరులో ఒక కంపెనీలో గుమాస్తా పనికి పోయాడంట. కన్నడ రాయడం బాగా వచ్చు, కానీ మాటలో తెలుగు యాస. అడిగినవాళ్ళు నవ్వి, "ఆంధ్రనా?" అన్నారంట. "కాదు సార్, బాగేపల్లి" అంటే ఇంకా నవ్వారంట. పని రాలేదు. "నువ్వు అట్ల నిలబడకూడదని రాసినా" అన్నాడు. బాగేపల్లిలో ఆయన్ని ఎరగనివాళ్ళు లేరు. బెంగుళూరులో ఆయన్ని ఎరిగినవాళ్ళు లేరు కాబట్టి యాసే ఆయన పేరైంది. నాకు ఆయన మీద కోపం పోయింది. అవ్వ మాట మాత్రం పోలేదు.

ఇక్కడ నేను తెలుగు శాఖలో చేరాక అది ఇంకో రకంగా తిరిగింది. నేను "ఊట అయిందా" అన్నా, "తిండి తింటిరా" అని టిఫిను గురించి అడిగినా కొందరు నవ్వారు. తెలుగులో ఊట అంటే నీటి ఊట కదా! నవ్వినవాళ్ళ మీద నాకు కోపం లేదు, నేనూ నవ్వాను. కానీ అక్కడ తెలుగు యాస, ఇక్కడ కన్నడ యాస అనిపించుకుంటే మనిషి నోరు తెరవడానికి భయపడుతుంది. మొదటి సెమిస్టరులో నేను క్లాసులో లేచి మాట్లాడకపోవడానికి కారణం అదే. ఇవాళ ఇక్కడ రాసి చెప్తున్నాను.

2027లో జనాభా లెక్కలు జరగబోతున్నాయి. మన ఇళ్ళకు వస్తారు, మాతృభాష అడుగుతారు. అందుకని ఈ విషయం చదివి తెలుసుకున్నాను. జనాభా లెక్కల ప్రకారం మాతృభాష అంటే చిన్నతనంలో తల్లి ఆ మనిషితో మాట్లాడిన భాష. 2011 లెక్కల్లో మాతృభాష ఒక్కటే రాసినా, దాని తర్వాత తెలిసిన భాషలు ఇంకో రెండు చెప్పుకోవడానికి చోటు ఇచ్చారు. చానామందికి ఈ రెండో ప్రశ్న సంగతి తెలీదు. ఇంటి పెద్ద ఒక మాట చెప్తే అదే అందరికీ రాసేస్తారు అనుకుంటారు. ఆ ప్రశ్న ఇంట్లో ప్రతి మనిషికీ విడిగా ఉంటుంది. అవ్వది అవ్వ చెప్పవచ్చు, అమ్మది అమ్మ చెప్పవచ్చు.

మరి నాది? అమ్మను అడిగాను, "నేను చిన్నప్పుడు నాతో ఏం మాట్లాడినావు?" అని. అమ్మ కాసేపు ఆలోచించి, "జోలపాట కన్నడ, తిట్లు తెలుగు. నేను తెలుగు నేర్చుకుంది నీతోపాటే కదా. అవ్వ నీకు చెప్పే మాటలు విని నేనూ పలికేదాన్ని" అనింది. నాకూ అమ్మకూ తెలుగు ఒకేసారి వచ్చిందన్నమాట. ఇద్దరికీ నేర్పింది అవ్వ.

కాబట్టి నా గడిలో నాయన రాసిన మాట అబద్ధం కాదు, అది అలాగే ఉండనీ అనుకున్నాను. లెక్కలవాళ్ళు వచ్చినప్పుడు నాకు కన్నడ అని, ఆ పక్క చోటులో మొదట తెలుగు అని చెప్తాను. అవ్వకు మాత్రం తెలుగు అని రాయించేదాకా నేను అక్కడే నిలబడతాను. నాయనకు ఈ మాట చెప్పాను. "సరే, నీ ఇష్టం" అన్నాడు. కొంచెం సేపయ్యాక, "నాకూ అట్లే రాయించు" అన్నాడు.

7. మీకు ఒక పని

పాఠం అన్నాక చివర అభ్యాసం ఉండాల కదా. ఈసారి ఇంటికి పోయినప్పుడు ఒక్క రోజు లెక్క రాయండి. పాలు, బజారు, గుడి, అర్జీ, కొట్లాట, లాలి, ఏది ఏ భాషలో జరిగిందో రాయండి. మీ ఊరి పేరు చివర పల్లి ఉందా, హళ్ళి ఉందా, పాళ్యం ఉందా, పురం ఉందా చూడండి. చింతామణి, శిడ్లఘట్ట, గౌరిబిదనూరు దిక్కునుంచి వచ్చేవాళ్ళు తప్పకుండా రాయండి. అవన్నీ కలిపి వచ్చే సంచికలో ఒక పట్టిక వేద్దామని మేడం ఒప్పుకున్నారు. యాస చూసి ఎవరూ నవ్వరని కూడా మాట ఇచ్చారు.

మా అవ్వ అడిగింది, "ఆ గోడ మీద నా మాట గూడా రాసినావా?" అని. రాశానని చెప్పాను. ఆమె చదవలేదు కాబట్టి ఈ కాగితాన్ని ఫోటో తీసి, శనివారం ఇంటికి పోయి చదివి వినిపిస్తాను.